నీకూ వినపడుతోందా నగ్మా?

పెళ్లిచూపులనాడు మా ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో ఇప్పుడు మిక్సీ ఏమైనా తిరుగుతోందా అండీ?" అని.

"తిరుగుతోందండీ. మా అమ్మ పచ్చడి వేస్తోంది" అన్నాను.

"హమ్మయ్య" అని నవ్వాడు.

అది వినుకొండలో మా ఇల్లు. ముందు గదిలో పెద్దవాళ్లు కూర్చున్నారు. మా మేనత్త నసీమున్నీసా తెచ్చిన సంబంధం అది. మమ్మల్నిద్దర్నీ మాట్లాడుకోమని వెనక వరండాలోకి పంపించారు. పేరు ఇలియాస్ అనీ, మార్టూరులో గ్రానైట్ పాలిష్ చేసే యూనిట్‌లో మిషన్ ఆపరేటర్ అనీ, తండ్రి లేడనీ, తల్లి పరుపులు కుడుతుందనీ మా అత్త చెప్పింది. అంతవరకే చెప్పింది. నేను అప్పటికి చిలకలూరిపేట దగ్గర స్పిన్నింగ్ మిల్లులో కొన్నాళ్లు పనిచేసి వచ్చినదాన్ని. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకడు బండి గురించి మాట్లాడాడు, ఇంకొకడు సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. మిక్సీ సంగతి అడిగినవాణ్ని ఈయన్నే చూశాను.

"మీరు అవుననో కాదనో అనేముందు ఒక మాట చెప్పాలండీ" అన్నాడు. "చెప్పొద్దన్నారు మీ మేనత్తగారు. చెప్పకుండా చేసుకుంటే రేపు మీ మొహం చూడలేను. కొన్నేళ్ల కింద నా మనసు చెదిరింది. సైకోసిస్ అంటారు దాన్ని. లేని మాటలు వినపడ్డాయి. లేనివి ఉన్నాయని నమ్మాను. ఇప్పుడు బాగున్నాను. రోజూ బిళ్ల వేసుకుంటాను. పెళ్లయ్యాక కూడా వేసుకుంటాను."

ఆ మాటలు ఆయన గొంతు తగ్గించి చెప్పలేదు, పెంచీ చెప్పలేదు. ఫలానా ఊరు వెళ్లొచ్చానని చెప్పినట్టు చెప్పాడు.

"ఇందాక మిక్సీ సంగతి అందుకే అడిగారా?"

"అందుకేనండీ. కొత్త ఇల్లు కదా. ఏ చప్పుడు ఎక్కణ్నించి వస్తోందో తెలిస్తే నాకు స్థిమితంగా ఉంటుంది."

వాళ్లు వెళ్లిపోయాక ఈ సంగతి ఇంట్లో చెప్పాను. మా నాన్న సుభానీ గోల గోల చేశాడు. "పిచ్చోడికిచ్చి చేస్తానా నా కూతుర్ని? నసీమూ, నీకు కళ్లు పోయినయ్యా?" అని చెల్లెలి మీద అరిచాడు. మా అత్త, "తగ్గిపోయింది కదా అన్నయ్యా, చెప్పడం దేనికని..." అని నసిగింది. నాకు మాత్రం ఆ వరండాలో విన్న మాట చెవిలోంచి పోలేదు. తన మనసు చెదిరిందన్న సంగతి ముక్కూమొహం తెలియని ఆడపిల్ల ముందు పెట్టి, ఆమె ఏమంటుందోనని చేతులు కట్టుకుని కూర్చున్న మగవాణ్ని నేను ఎక్కడా చూడలేదు.

"నాన్నా, కాదనేముందు ఒక్కసారి మార్టూరు వెళ్లి వాళ్లమ్మని చూసొద్దాం" అన్నాను.

గొణుక్కుంటూనే వచ్చాడు మా నాన్న.

సైదాబీ, అంటే ఇప్పటి మా అత్తమ్మ, ఇంటి ముందు రేకుల కింద కూర్చుని పరుపు కుడుతోంది. చుట్టూ దూది. జుట్టు మీదా, కనుబొమ్మల మీదా దూది. మమ్మల్ని చూసి లేచి, చేతిలో ఉన్న పొడుగు సూదిని పరుపుకి గుచ్చి, "మావాడు చెప్పాడన్నమాట" అంది. "చెబుతానన్నాడు. చెప్పినందుకే మీరు వచ్చారనుకుంటా. కూర్చోండి అన్నయ్యగారూ. వాడు డ్యూటీకి పోయాడు. అడగండి. ఏదీ దాచను."

మా నాన్న నా వంక చూశాడు. నేనే అడిగాను. "ఎట్లా మొదలైందండీ?"

ఆమె కొడుకు గురించి కాకుండా తమ్ముడి గురించి మొదలుపెట్టింది.

ఆమెకి కలీం అని ఒక తమ్ముడుండేవాడు. దూది ఏకడంలో అతని చెయ్యి చూడ్డానికి జనం నిలబడేవాళ్లట. పెళ్లీడు వచ్చేసరికి మారిపోయాడు. జనంలోకి రావడం మానేశాడు. స్నానం మానేశాడు. గోడవైపు తిరిగి తనలో తను మాట్లాడుకునేవాడు. గాలి సోకిందన్నారు. పొగ వేశారు, కొట్టారు, కట్టేశారు. ఒకరోజు కట్లు విప్పుకుని రైలెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరికీ కనపడలేదు.

"వాడి మొదలు నేను చూశానమ్మా" అంది. "చూశానుగానీ అది మొదలని నాకు తెలీదు. మావాడి దగ్గరికి వచ్చేసరికి తెలిసింది."

ఇలియాస్ డిగ్రీలో ఉండగా వాళ్ల నాన్న లాల్ అహ్మద్ గుండెనొప్పితో పోయాడు. పొద్దున దూది బస్తా దించినవాడు మధ్యాహ్నానికి లేడు. కొడుకు ఏడవలేదట. చదువు ఆపేసి పాలిష్ యూనిట్‌లో చేరాడు. ఒక డ్యూటీ చాలదన్నట్టు రెండు డ్యూటీలు చేశాడు. నిద్ర లేదు. అక్కడెవరో, ఇది పీలిస్తే దిగులుండదు, నిద్రా ముంచుకురాదు అని గంజాయి అలవాటు చేశారు. ఆ సంగతి ఆమెకు తర్వాత తెలిసింది.

"ముందు నాతో కూర్చుని తినడం మానేశాడు. అంతకుముందు నేను కుడుతుంటే ఎదురుగా కంచం పెట్టుకుని, యూనిట్‌లో ఎవడేమన్నాడో వాడి గొంతుతో చెప్పి నన్ను నవ్వించేవాడు. తర్వాత కంచం పట్టుకుని పెరట్లోకి పోయేవాడు. ముద్ద నోట్లో పెట్టుకునేముందు వాసన చూసేవాడు. మిషన్ దగ్గర తెల్ల బురద ఒళ్లంతా పడుతుంది కదా, అది కడుక్కోకుండానే పడుకునేవాడు. క్రికెట్లో కీపరు వాడు. ఆదివారం స్నేహితులొచ్చి పిలిస్తే లేనని చెప్పమనేవాడు. మాట మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాడు. సెల్‌ఫోన్ కెమెరాకి ప్లాస్టరు అంటించాడు. వయసు పిల్లలు అట్లాగే ఉంటారు, తండ్రి పోయాడు కదా అని అందరూ అన్నారు. నేనూ అనుకున్నా. ఇందులో ఏ ఒక్కటి చూసినా పెద్ద సంగతి కాదమ్మా. అన్నీ కలిపి, వారం వారానికీ ఎక్కువవుతుంటే నాకు భయమేసింది."

ఒకరోజు ఆమె ఇట్లాగే పరుపు కుడుతుంటే వచ్చి, "అమ్మా, నువ్వు సూది గుచ్చుతుంటే నాకు చెవులు పగిలిపోతున్నాయి. కాసేపు ఆపవా?" అన్నాడట. దూదిలో దిగే సూదికి చప్పుడేముంటుంది? ఆమె సూది పక్కన పెట్టి కొడుకు మొహంలోకి చూసింది. అప్పుడు అన్నాడట, "కలీం మామ తప్పిపోలేదమ్మా. ఎక్కడున్నాడో నాకు చెబుతున్నారు" అని.

"మా తమ్ముడు నా కళ్ల ముందు రెండోసారి రైలెక్కుతున్నట్టు అనిపించింది" అంది సైదాబీ.

మా నాన్న తలవంచుకుని దూది పీచు ఒకటి తీసి వేళ్ల మధ్య నలుపుతున్నాడు. అప్పుడే గుమ్మం దగ్గరికి లావుపాటి మనిషి ఒకాయన వచ్చాడు. యూనిట్‌లో క్రేన్ నడిపే ప్రభు. ఇలియాస్‌కి చిన్నప్పటి స్నేహితుడు. మేం వచ్చామని తెలిసి వచ్చాడు. "బండ సంగతి నువ్వు చెప్పు నాయనా, నువ్వే కదా అక్కడున్నది" అంది ఆమె.

ప్రభు నిలబడే చెప్పాడు.

ఆరోజు చీమకుర్తి నుంచి వచ్చిన గెలాక్సీ రాయి మిషన్ మీద ఉంది. నల్లటి రాయి, లోపలంతా బంగారు చుక్కలు. పాలిష్ అయ్యేకొద్దీ ఆ చుక్కలు తేలి, పట్టపగలు ఆకాశం తెచ్చి బల్ల మీద పరిచినట్టు ఉంటుంది. చివరి పాలిష్ అవుతుండగా ఇలియాస్ మిషన్ ఆపేశాడు. పారే నీళ్లలో చెప్పుల్లేకుండా నిలబడి, చేత్తో ఆ బండని తుడిచి, "ఒరేయ్ ప్రభూ, ఇటు రారా. చదువు" అన్నాడు.

"ఏం చదవమంటావురా?"

"పేర్లు. ఇదిగో మా నాన్న పేరు. పక్కన మా మామది. ఇది నీది. అందరివీ ఉన్నాయిరా, చూడు. ఎవరు ఎప్పుడు పోతారో అన్నీ రాసిపెట్టి ఉన్నాయి."

ప్రభు వంగి చూశాడట. "నాకు చుక్కలే కనపడ్డాయమ్మా. కానీ వాడి మొహం వంక చూశాను. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. దేవుణ్ని ఎదురుగా చూసినవాడి మొహం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. నాక్కూడా ఒక్క క్షణం, నిజంగా ఏమైనా ఉందేమో, నాకు కనపడటం లేదేమో అనిపించింది."

బండ ఎత్తడానికి టైమైంది. దాన్ని ఇక్కణ్నించి కదిలిస్తే అందులో పేరున్న వాళ్లంతా చచ్చిపోతారని ఎవరో తనకు చెబుతున్నారంటూ ఇలియాస్ దాని మీద బోర్లా పడుకున్నాడు. సూపర్‌వైజరు, లాగెయ్యండి వాణ్ని అని కేకలు. ప్రభు క్రేన్ ఆపేసి దిగివచ్చి బండ పక్కన నీళ్లలోనే కూర్చున్నాడు.

"నేను ఎత్తనులేరా. నువ్వు లేచేదాకా క్రేన్ ముట్టుకోను" అన్నాడు.

"నువ్వు నమ్మావా మరి?"

"నాకు పేర్లు కనపడలేదురా. కానీ నువ్వు భయపడుతున్నావు, అది కనపడుతోంది. మీ అమ్మ దగ్గరికి పోదాం రా."

చాలాసేపటికి ఇలియాస్ లేచి ప్రభు చెయ్యి పట్టుకున్నాడు.

ప్రభు ఇలియాస్‌ని ఇంటికి తీసుకొచ్చేసరికి చుట్టుపక్కల వాళ్లు చేరారు. దర్గాకి తీసుకెళ్లమని కొందరు, ఫలానా ఊళ్లో తాయెత్తు కడతారని కొందరు. సైదాబీ ఎవరితోనూ వాదించలేదు. కొడుకుని దర్గాకి తీసుకెళ్లి మొక్కుకుని తాయెత్తు కట్టించింది. అక్కణ్నించి ఇంటికి రాకుండా గుంటూరు బస్సెక్కింది. ప్రభు వెంట వెళ్లాడు.

"తాయెత్తు చేతికి కట్టించా, బిళ్ల నోట్లో వేయించా" అంది. "ఏది పనిచేస్తుందో అల్లా చూసుకుంటాడు. నేను మాత్రం ఏదీ వదల్లేదు. మా తమ్ముడికి బిళ్ల వేయించలేదు కదా."

గుంటూరులో మనసు జబ్బుల డాక్టరమ్మ ఇలియాస్‌తో విడిగా మాట్లాడింది, రక్తపరీక్షలు చేయించింది. సైదాబీ ఆమెను అడిగిన ప్రశ్న ఒకటే. "మా పుట్టింటి రక్తం వల్ల వచ్చిందా అమ్మా? నా వల్ల వచ్చిందా?"

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పిందట. "ఒక్క కారణం చెప్పలేనమ్మా. కొందరి మెదడు పుట్టుకతోనే కాస్త సున్నితంగా ఉంటుంది. అది కుటుంబంలో రావచ్చు. కానీ అదొక్కటే ఉంటే చాలామందికి ఏమీ కాదు. మీ అబ్బాయికి తండ్రి పోయిన దిగులు ఉంది. నిద్ర లేదు. పైగా గంజాయి, ఇట్లాంటి మెదడుకి అది నిప్పు. అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఒక్కోసారి థైరాయిడ్ లాంటి వేరే జబ్బుల వల్ల కూడా ఇట్లా అవుతుంది, అందుకే పరీక్షలు రాశాను. ఇందులో మీ తప్పు లేదు, వాడి తప్పూ లేదు. ఇట్లాంటివాళ్లని ఏళ్లు గడిచాక తీసుకొస్తారు. మీరు నెలల్లోనే తెచ్చారు. అది చాలా మేలు చేస్తుంది."

తగ్గడం మాత్రం ఒక్కరోజులో కాలేదు. మొదట్లో ఇచ్చిన బిళ్లలకి పొద్దస్తమానం మత్తు, చేతులు వణుకు, నోట్లోంచి చొంగ. ఇలియాస్ వాటిని పెరట్లోకి విసిరేశాడు. తల్లి తిట్టకుండా ఆ సంగతే వెళ్లి డాక్టరమ్మకి చెబితే ఆమె మందు మార్చింది. గొంతులు ఒక్కసారిగా ఆగిపోలేదు. మా ఆయన తర్వాత నాకు చెప్పాడు: అవి చెవి పక్కనుంచి లేచి గదిలో ఆ మూలకి పోయాయట. కొన్ని వారాలకి పక్కగదిలోకి, తర్వాత వీధిలోకి, తర్వాత ఎక్కడో పొలిమేరలో మైకు మోగినట్టు. ఒకరోజు పొద్దున లేచేసరికి కాకి అరుపు తప్ప ఏమీ లేదట. "ఆ కాకి అరుపు ఎంత బాగుందో నీకు చెప్పలేను" అన్నాడు.

ప్రభు మాట్లాడి పెట్టడంతో యూనిట్ ఓనరు మళ్లీ పనిలోకి తీసుకున్నాడు. పగటి డ్యూటీ మాత్రమే. గంజాయి జోలికి మళ్లీ పోలేదు.

అంతా విన్నాక మా నాన్న అడిగాడు. "మళ్లీ వస్తే?"

"రావచ్చు అన్నయ్యగారూ" అంది సైదాబీ. "రాదని ఒట్టేసి చెప్పలేను. వస్తే మొదట్లోనే పట్టుకుంటాం. ఎట్లా పట్టుకోవాలో మాకిప్పుడు తెలుసు."

తిరుగు బస్సులో మా నాన్న చిలకలూరిపేట దాటేదాకా కిటికీలోంచి కళ్లాల్లో ఎండుతున్న మిరపకాయల్ని చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "ఆ కుర్రాడి సంగతి నాకు తెలీదే. ఆ తల్లి మాత్రం నాకు నచ్చింది" అన్నాడు. దాంతో మా పెళ్లి ఖాయమైపోయింది.

పెళ్లయిన కొత్తలో నేను ఆయన్ని అడిగాను, అప్పుడు ఎట్లా ఉండేదని. అడగొచ్చో లేదో అని భయపడుతూనే అడిగాను.

"భయమొక్కటే అనుకుంటారు అందరూ" అన్నాడు. "భయానికి ముందు ఇంకోటి ఉంది నగ్మా. లోకమంతా ఒక్కసారిగా వెలుగు పెంచినట్టయింది. ఎండుమిరప కళ్లం చూస్తే ఆ ఎరుపు కళ్లలోకి దూకేది. రోడ్డు మీద ఎవరో దగ్గితే అది నాకోసమే దగ్గారనిపించేది. ప్రతిదానికీ అర్థం ఉంది, అది నాకే తెలియబోతోంది అని లోపల ఒకటే ఊపు. మా నాన్న పోయాక అన్నీ అర్థం లేకుండా పోయినవాణ్ని కదా. అంత అర్థం దొరికితే ఎవడు వదులుకుంటాడు? తర్వాత అదే నా గొంతు పట్టుకుంది."

నేను మిల్లులో పనిచేసేటప్పుడు, డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కూడా చెవుల్లో మిషన్లు తిరుగుతుండేవి. లేని చప్పుడు చెవిలో ఎంత నిజంగా మోగుతుందో నాకు ఆ మాత్రం తెలుసు. అయినా ఆయన చెప్పింది విన్నాక మన తలలో ఉన్నది ఎంత పెద్ద సంగతో, ఎంత సన్నటి దారం మీద నిలబడి ఉందో తలుచుకుని, అన్నం కలిపిన చెయ్యి అట్లాగే ఎండిపోయేదాకా కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం నేను గోంగూర వలుస్తున్నాను. ఆయన డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. చెప్పులు విప్పలేదు.

"నగ్మా, బయట ఎవరో నా పేరు పెట్టి పిలుస్తున్నారు. నీకూ వినపడుతోందా?"

చేతిలో కట్ట పక్కన పెట్టి చెవి పెట్టి విన్నాను. రోడ్డు మీద లారీ. ఎదురింట్లో టీవీ.

"లేదండీ. ఎవరూ పిలవడం లేదు."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కి గుమ్మం బయటికి చాపాడు. కాసేపు ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. తర్వాత దాన్ని మోగించాడు. లారీ హారను ఉంది. టీవీ మాటలు ఉన్నాయి. నా గాజుల చప్పుడు కూడా ఉంది. ఆయన పేరు లేదు.

మళ్లీ ఒకసారి మోగించి విన్నాడు.

"అయితే ఇది నాదే" అన్నాడు. చెప్పులు విప్పి, కూర్చుని, మంచినీళ్లు అడిగాడు.

గ్లాసు ఇస్తే స్థిమితంగా అందుకున్నాడు. మనం కళ్లారా చూసింది కాదని ఇంకొకరు అంటే ఒప్పుకుంటామా? చెవులారా విన్నది లేదంటే ఊరుకుంటామా? చిన్న మాటకి కూడా నేనన్నదే నిజమని ఇల్లు పీకి పందిరేస్తాం. ఈ మనిషికి తన పేరు స్పష్టంగా వినపడుతోంది. అయినా తన చెవుల్ని పక్కనపెట్టి నా చెవుల్ని నమ్మాడు. అంత పెద్ద పని చేసి మంచినీళ్లు తాగుతున్నాడు. నాకు ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే నవ్వుతాడని పెట్టలేదు.

"ఈమధ్య నిద్ర సరిగ్గా పట్టడంలేదు" అన్నాడు. "మిషన్ రిపేరని డ్యూటీ మీద డ్యూటీ చేయించారు. ఒద్దనాల్సింది. రేపు గుంటూరు పోదాం."

వెళ్లాం. డాక్టరమ్మ మందు కాస్త పెంచింది, నిద్ర సరిచేసింది. ఆ పిలుపు ఆగిపోయింది. మా అత్తమ్మ ఆ నెలంతా కొడుకు కంచం ఎదురుగానే కూర్చుని తింది.

నాకు నెల తప్పినప్పుడు డాక్టరమ్మని నేనే అడిగాను, ఆయన పక్కనుండగానే. "బిడ్డకి వస్తుందా మేడం?"

"మామూలు వాళ్ల పిల్లలకంటే కొంచెం ఎక్కువ అవకాశం ఉంది. అబద్ధం చెప్పను" అంది. "కానీ ఎక్కువమంది పిల్లలకి రాదు. ఇంకో మాట చెబుతా విను. ఈ జబ్బు మొదలు ఎట్లా ఉంటుందో తెలిసిన ఇంట్లో పుడుతోంది మీ బిడ్డ. ఆ సంగతి తెలిసిన ఇళ్లు ఎన్ని ఉన్నాయి?"

మాకు కూతురు పుట్టింది. మెహర్ అని పెట్టుకున్నాం. ఇంటి నిండా దూదిలో పొర్లుతూ పెరుగుతోంది.

మొన్న మిరపకోతలప్పుడు ఆయన్ని చూపించడానికి గుంటూరు వెళ్లాం. పాపని కూడా తీసుకెళ్లాం. ఓపీ వరండా కిటకిటలాడుతోంది. మా పక్క బెంచీ మీద నల్లపాడు నుంచి వచ్చిన భార్యాభర్తలు కూర్చున్నారు, మధ్యలో కాలేజీ చదివే అమ్మాయి. తండ్రి జక్రయ్యగారు చర్చిలో పనిచేస్తారు. తల్లి ఎలీసమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీస్తుంది. ఆమె చేతులు ఎర్రగా పొక్కి ఉన్నాయి. అమ్మాయి పేరు జాస్మిన్. దుపట్టా చెవుల మీదుగా బిగించి కట్టుకుని నేలచూపులు చూస్తోంది.

"చర్చిలో పాట అందుకుంటే ఇదే అమ్మా. క్వయర్‌లో ముందు నిలబడేది" అని ఎలీసమ్మ నా చెవిలో చెప్పింది. "ఇప్పుడు పాడమంటే, నా లోపల అనుకునేవన్నీ అందరికీ వినపడుతున్నాయి, ఇంకా పాడటం దేనికి అంటోంది. పుస్తకం పట్టుకుంటే అదే పేజీలో ఉంటుంది. స్నేహితురాళ్లు ఫోన్ చేస్తే తియ్యదు. ప్రార్థన పెట్టించాం. పాస్టరుగారే అన్నారు, ప్రార్థన నేను చేస్తాను, మీరు ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి అని."

మా ఆయన ఆ మాటలు విన్నాడు. పాపని నా ఒళ్లో పెట్టి, లేచి ఆ అమ్మాయికి కాస్త దూరంగా గోడవారన కింద కూర్చున్నాడు. ఆమె కంటే ఎత్తులో లేకుండా.

"ఏమ్మా, ఫ్యాన్ చప్పుడు గట్టిగా ఉందా?"

అమ్మాయి తలెత్తింది. వాళ్లమ్మా నాన్నా కూడా తలెత్తారు.

"నాకూ అట్లాగే ఉండేది" అన్నాడు. "సూది చప్పుడు కూడా వినపడేది."

"మీకు కూడా నా ఆలోచనలు వినపడుతున్నాయా?" అంది జాస్మిన్. ఆమె గొంతు వినడం నాకు అదే మొదలు.

"లేదమ్మా. నాకు వినపడటం లేదు. ఫ్యాన్ వినపడుతోంది, అక్కడ సిస్టర్ పేర్లు పిలవడం వినపడుతోంది. అంతే. కానీ నీకు ఎంత భయంగా ఉందో నాకు తెలుసు. నిద్ర పడుతోందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. వాళ్లమ్మ తుడవబోతే మొదటిసారి తుడవనిచ్చింది.

జక్రయ్యగారు మెల్లగా వంగి, "మీకు కూడానా అండీ?" అని అడిగాడు.

"నాకు కూడానండీ."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు మార్టూరులో బండలు పాలిష్ చేస్తాను. అదిగో మా ఆవిడ, మా పాప."

జక్రయ్యగారు మా ఆయన రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. రాళ్ల పొడికి పగుళ్లు బారిన చేతులు. వాటిని వదలకుండా అట్లాగే పట్టుకుని, భార్య వైపు తిరిగి, "ఎలీసమ్మా, చూడు" అన్నాడు.

వరండా అంతా మావైపే చూస్తోంది. మార్టూరు మనుషులు ఎవరైనా ఉండొచ్చు, యూనిట్‌లో తెలియనివాళ్లకి తెలిసిపోవచ్చు. మా ఆయనకి ఆ ధ్యాసే లేదు. సిస్టర్ జాస్మిన్ పేరు పిలిచింది. ఆ అమ్మాయి లేచి రెండడుగులు వేసి ఆగి, "నా పేరు పిలిచారా? నిజంగా పిలిచారా?" అని ఆయన్ని అడిగింది.

"పిలిచారమ్మా. నేనూ విన్నాను. వెళ్లు" అన్నాడు.

వెళ్లింది.

ఆ తర్వాత వాళ్లు మాకు ఆ ఆసుపత్రి వరండాలో రెండు మూడుసార్లు కలిశారు. మొదటి మందు ఆ పిల్లకి పడలేదు, లావెక్కిందని ఏడ్చింది, మార్చారు. కాలేజీకి ఒక సంవత్సరం ఆగమన్నారు. చర్చిలో ముందు నిలబడటం లేదుగానీ వెనక వరసలో కూర్చుని పెదవి కదుపుతోందని జక్రయ్యగారు మురిసిపోతూ చెప్పారు.

ఇవాళ పొద్దున ఎలీసమ్మగారు ఫోన్ చేసింది. ఏం కంగారోనని గబగబా ఎత్తాను.

"ఏం లేదమ్మా నగ్మా" అంది. "మా పిల్ల రాత్రి కూర మాడిపోయిందని నామీద అరిచింది. నువ్వెప్పుడూ ఇంతే, ఫోన్లో పడితే పొయ్యి గుర్తుండదు నీకు అని, మునుపటి లెక్క అరిచింది. నాకు సంతోషం పట్టలేక ఎవరికి చెప్పాలో తెలీక నీకు చేశా."

మా ఆయన డ్యూటీకి బయల్దేరుతూ ఎవరు ఫోనని సైగ చేశాడు. చెప్పాను. "అరిచిందా?" అని నిలబడిపోయాడు. "గట్టిగానేనా?"

"గట్టిగానేనట."

ఆయన పగలబడి నవ్వాడు. పాపకి ఏమీ తెలియకపోయినా వాళ్ల నాన్న నవ్వుతున్నాడని తనూ నవ్వింది.